తెగినా అతుక్కునే జెల్ సెన్సర్: ఎలా చేయాలి, నిజంగా అతికిందని ఎలా తేల్చుకోవాలి

"వెలిగారం వేశాం సార్, గడ్డే కట్టలేదు." "పొద్దున చేసిన జెల్ సాయంత్రానికి అట్టలా అయిపోయింది." "మల్టీమీటర్ పెడితే రీడింగ్ పాకుతూనే ఉంది, ఏ అంకె రాసుకోవాలి?" ఫైనలియర్ ప్రాజెక్టుల కాలంలో తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలు అడిగేవి దాదాపుగా ఈ మూడే. సైన్స్ ఫెయిర్‌కి పిల్లల్ని తయారుచేసే టీచర్లూ ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను. వరుస తప్పకుండా చేస్తే మొదటిసారే పనికొచ్చే జెల్ వస్తుంది.

ఇక్కడ చేయబోయేది పీవీఏ, అంటే పాలీవినైల్ ఆల్కహాల్‌ను వెలిగారంతో కట్టిన జెల్. పీవీఏ పొడుగాటి గొలుసు లాంటి అణువు. వెలిగారం నీళ్లలో కరిగితే వచ్చే బోరేట్ ఆ గొలుసులను అక్కడక్కడా కలిపి పట్టుకుంటుంది. ఈ పట్టు శాశ్వతం కాదు, విడిపోతూ మళ్లీ పట్టుకుంటూ ఉంటుంది. అందుకే కోసిన రెండు ముక్కలను ఆనించి పెడితే అతుకు దానంతట అదే పడుతుంది. వేడి అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. అందులో కరిగిన ఉప్పు అయాన్లు కరెంటును మోస్తాయి. సాగదీస్తే జెల్ నిరోధం పెరుగుతుంది, ఆ మార్పును కొలుస్తాం కాబట్టే దీన్ని సెన్సర్ అంటున్నాం. సాగే ఎలక్ట్రానిక్స్‌లో ఉప్పు జెల్‌ను తీగలా వాడడం కొత్త కాదు. 2013లో హార్వర్డ్ పరిశోధకులు ఉప్పు కలిపిన పాలీఎక్రిలమైడ్ జెల్‌తో పారదర్శకమైన లౌడ్‌స్పీకర్‌ను పని చేయించి చూపించారు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

పీవీఏ పొడి 10 గ్రాములు. ల్యాబ్ కెమికల్స్ అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. అణుభారం 85,000 నుంచి 1,25,000 మధ్య ఉన్నది అడగండి. 14,000 రకం కూడా అమ్ముతారు, అది తేలిగ్గా కరుగుతుంది కానీ జెల్ బలహీనంగా వస్తుంది. చాలామంది దీనికి బదులు ఫెవికాల్ వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. తెల్ల చెక్క జిగురులో ప్రధానంగా ఉండేది పాలీవినైల్ ఎసిటేట్. వెలిగారం తగిలితే అదీ ముద్దలా అవుతుంది. ఆడుకోవడానికి బాగుంటుంది గానీ, ఏ పదార్థం ఎంత ఉందో తెలియని ముద్దతో కొలతలు తీసి రిపోర్టు రాయలేం.

వెలిగారం 10 గ్రాములు. నాటు మందుల అంగళ్లలో, బంగారు పని చేసే ఆచారుల దగ్గర ఉంటుంది. ల్యాబ్ గ్రేడ్ సోడియం టెట్రాబోరేట్ అయితే ఇంకా మేలు.

డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు. బ్యాటరీ షాపుల్లో అమ్మేది సరిపోతుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు. మన వైపు చాలాచోట్ల ఆ నీళ్లు గట్టివి, వాటిలోని లవణాలు కొలతను మార్చేస్తాయి.

గ్లిజరిన్ చిన్న సీసా, మెడికల్ షాపులో దొరికేదే. మామూలు మెత్తటి ఉప్పు. 0.1 గ్రాము దాకా చూపించే తూకం. 100 డిగ్రీల థర్మామీటర్. రెండు గిన్నెలు, ఒకటి పెద్దది, ఒకటి అందులో పట్టేది. వంటింటి గిన్నెలు వాడితే మళ్లీ వంటకు తీసుకోకండి, ఈ పనికే వదిలేయండి. గ్లవ్స్, కొత్త బ్లేడు, క్లింగ్ ఫిల్మ్, మూత గట్టిగా పట్టే డబ్బా.

ఎలక్ట్రోడ్లకు పాత స్టీల్ టీ వడపోత జాలి. దీని గురించి కింద వివరంగా చెప్తాను, పారేయకండి. కొలతకు ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు), 1 కిలో ఓమ్ రెసిస్టరు. కాలేజీ ల్యాబులో ఎల్‌సీఆర్ మీటర్ (దిశ మారే కరెంటుతో కొలిచే మీటర్) ఉంటే ఆర్డుయినో అవసరమే లేదు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి నేరుగా నిరోధం చదవచ్చు.

ముందుగా జాగ్రత్తలు

వెలిగారం తినే వస్తువు కాదు. ఒంట్లోకి ఎక్కువగా వెళితే సంతానోత్పత్తికి కూడా హాని అని గుర్తించారు. పొడి ఎగరనివ్వకండి, గాయం ఉన్న చేత్తో ముట్టకండి, చిన్న పిల్లలకు అందనివ్వకండి. స్కూల్లో చేస్తుంటే కరిగించడం, కలపడం టీచరే చేసి, పిల్లలకు తయారైన జెల్‌ను గ్లవ్స్‌తో ఇవ్వండి. ఇక ఈ జెల్‌ను ఇంటి కరెంటు ప్లగ్గుకు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. 9 వోల్టుల బ్యాటరీ దాటే పని ఇందులో ఎక్కడా లేదు.

1. తెచ్చింది వెలిగారమేనా, చూసుకోండి

గడ్డ కట్టలేదని వచ్చే ఫిర్యాదుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే. వెలిగారం అడిగితే పటిక చేతిలో పెట్టడం ఉంది. క్యారమ్ బోర్డు పౌడరు కూడా ఇదేనని కొందరు అనుకుంటారు. ఆ పౌడర్లలో తరచుగా ఉండేది బోరిక్ ఆమ్లం. పటిక, బోరిక్ ఆమ్లం రెండూ ఆమ్ల గుణం ఉన్నవే. ఈ జెల్‌కు క్షార గుణం కావాలి.

పరీక్ష మన వంటింట్లోనే ఉంది. చెంచాడు నీళ్లలో చిటికెడు పొడి కరిగించి, అందులో కొద్దిగా పసుపు వేయండి. వెలిగారమైతే పసుపు రంగు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. పటికైతే పసుపు రంగులోనే ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. నాటు మందుల అంగట్లో పొంగించిన వెలిగారం కూడా ఇస్తారు, పేలాల్లా తేలిగ్గా ఉంటుంది. మామూలు వెలిగారం బరువులో దాదాపు 47 శాతం నీరే. పొంగిస్తే అందులో చాలా భాగం పోతుంది. కాబట్టి పొంగించినది వాడితే ఇక్కడ చెప్పిన బరువులో సగం కంటే కొంచెం ఎక్కువ సరిపోతుంది. వీలైతే పొంగించని స్ఫటికాలే అడిగి తెచ్చుకోండి, లెక్క తప్పదు.

2. వెలిగారం ద్రావణం

100 మి.లీ. గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో 4 గ్రాముల వెలిగారం వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. గది వేడిలో 100 మి.లీ. నీళ్లు పట్టేది దాదాపు 5 గ్రాములే. అందుకే చలికాలం పొద్దున చూస్తే సీసా అడుగున స్ఫటికాలు కనిపించవచ్చు. అలా ఉంటే పైనీళ్లు వంపుకుని వాడేయకండి, సీసాను వేడి నీళ్లలో పెట్టి మళ్లీ మొత్తం కరిగించాకే తీసుకోండి.

మీ తూకం ఒక గ్రాము కంటే సన్నంగా చూపించకపోతే ఇంకొంచెం వెలిగారం తెచ్చుకుని 20 గ్రాములు 500 మి.లీ.లో కరిగించి పెట్టుకోండి. పెద్ద బరువులో తప్పు చిన్నదవుతుంది.

3. పీవీఏ కరిగించడం

ఓపిక అంతా ఇక్కడే కావాలి. ఈ మెట్టు బాగా కుదిరితే మిగతావన్నీ తేలికే.

92 మి.లీ. చల్లటి డిస్టిల్డ్ వాటర్ చిన్న గిన్నెలో తీసుకోండి. 8 గ్రాముల పీవీఏ పొడిని ఒక చేత్తో కొద్దికొద్దిగా చల్లుతూ, రెండో చేత్తో కలుపుతూ ఉండండి. వేడి నీళ్లలో పొడి పోయకూడదు. పోస్తే బయట బంక కట్టి లోపల పొడి అలాగే ఉండిపోతుంది, ఆ ఉండలు ఎంత మరిగించినా విడవవు. చల్లిన తర్వాత అరగంట నాననివ్వండి. రాత్రంతా నానితే ఇంకా మంచిది.

తర్వాత మూత పెట్టిన గిన్నె బరువు తూచి రాసుకోండి. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో దీన్ని పెట్టండి. మంట మీద నేరుగా పెడితే అడుగంటుతుంది. లోపలి వేడి 85 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంచి ముప్పావు గంట నుంచి గంట దాకా, మధ్యమధ్యలో మూత తీసి నిదానంగా తిప్పండి. గిలక్కొడితే బుడగలు చేరతాయి. మూత తీసి ఎక్కువసేపు వదిలేస్తే పాల మీద మీగడ కట్టినట్టు పైన పొర కడుతుంది. ఆ పొరను లోపలికి కలపకండి, గరిటెతో తీసేయండి.

అయిందా లేదా ఎలా తెలుస్తుంది? ఒక చుక్క గాజు పలక మీద వేసి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. చిన్న చిన్న పారదర్శకమైన గింజలు, చేప కళ్లలా, కనిపిస్తే ఇంకా కరగలేదు. ఇంకో 15 నిమిషాలు వేడి చేయండి. గింజలు మిగిలి ఉండగా వెలిగారం కలిపితే, జెల్ సాగదీసినప్పుడు సరిగ్గా ఆ గింజ దగ్గరే తెగుతుంది. అప్పుడు "అతుకు బలంగా లేదు" అని వెలిగారం మీద నెపం వేస్తారు.

దించాక మళ్లీ తూచండి. ఎంత తగ్గితే అన్ని వేడి డిస్టిల్డ్ నీళ్లు కలిపి మొదటి బరువుకు తీసుకురండి. ఈ చిన్న పని చాలామంది వదిలేస్తారు. రెండు బ్యాచ్‌లు ఒకేలా రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

4. ఉప్పు, గ్లిజరిన్

పై ద్రావణంలో 50 గ్రాములు వేరే గిన్నెలోకి తీసుకోండి. 1 గ్రాము ఉప్పు, 3 మి.లీ. గ్లిజరిన్ కలిపి అంతా కలిసేదాకా తిప్పండి. ఉప్పు పూర్తిగా కరగాలి.

కరెంటు బాగా పోవాలని ఉప్పు రెండింతలు, మూడింతలు పోయకండి. ఉప్పు మరీ ఎక్కువైతే పీవీఏ నీళ్ల నుంచి విడిపోయి తెల్లగా మబ్బుపడుతుంది. గ్లిజరిన్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అది నీటిని పట్టి ఉంచి ఎండిపోవడాన్ని నెమ్మదిస్తుంది, నిజమే. కానీ బోరేట్ గ్లిజరిన్‌ను కూడా పట్టుకుంటుంది, ద్రావణం క్షార గుణం కూడా తగ్గుతుంది. అంటే పీవీఏకు అందాల్సిన బోరేట్‌ను గ్లిజరిన్ లాక్కుంటుంది. ఎండిపోతోందని గ్లిజరిన్ పెంచుకుంటూ పోతే జెల్ జారుడు పదార్థమైపోతుంది. 3 మి.లీ. దగ్గర ఆగండి. ఎండకు అసలు మందు మూతే, దాని గురించి కింద చెప్తాను.

5. రెండూ కలపడం

పీవీఏ ద్రావణం 60 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉండాలి, వెలిగారం ద్రావణం కూడా వెచ్చబెట్టుకోండి. వెచ్చగా ఉన్నప్పుడు పట్టు వదులుగా ఉండి అంతటా సమానంగా కలుస్తుంది. 10 మి.లీ. వెలిగారం ద్రావణాన్ని సిరంజితో తీసుకుని, రెండేసి మి.లీ. చొప్పున పోస్తూ గరిటెతో తిప్పండి. మూడో విడతకే గరిటె బరువెక్కుతుంది. మొత్తం అయ్యాక, చెయ్యి పట్టేంత చల్లారాక, గ్లవ్స్ వేసుకుని చపాతీ పిండి పిసికినట్టు ఐదు నిమిషాలు పిసకండి.

10 మి.లీ. ఒక్కసారిగా గుమ్మరిస్తే బయట గట్టి తోలు, లోపల నీళ్లు ఉన్న సంచుల్లా తయారవుతుంది. పిసికితే కొంత సర్దుకుంటుంది కానీ పూర్తిగా కాదు.

ఇప్పుడు చేత్తోనే పరీక్ష చేయండి. రెండు చేతుల మధ్య నిదానంగా లాగితే దారంలా సాగుతూ పోవాలి. అదే ముక్కను గభాలున లాగితే పుటుక్కున తెగాలి. రెండూ జరిగితే జెల్ కుదిరినట్టే. నిదానంగా లాగినా తెగుతూ, ముద్ద చుట్టూ నీరు ఊరుతుంటే వెలిగారం ఎక్కువైంది. అలాంటప్పుడు మిగిలిన పీవీఏ ద్రావణం కొంచెం కలిపి పిసకండి. గ్లవ్స్‌కు జిగురులా అంటుకుంటుంటే వెలిగారం తక్కువైంది, ఒక్కో మి.లీ. చొప్పున పెంచండి. పెంచిందీ తగ్గించిందీ అక్కడికక్కడే రాసుకోండి.

నిమ్మకాయ పిండిన చెయ్యి, వెనిగర్ పోసిన గిన్నె దీని దగ్గరకు రానివ్వకండి. ఆమ్లం తగిలితే బోరేట్ పట్టు వదిలేసి జెల్ మళ్లీ ద్రవమైపోతుంది.

6. పరిచి, ముక్కలు చేయడం

15 సెం.మీ. పొడవూ వెడల్పూ ఉన్న చదునైన ప్లాస్టిక్ డబ్బాలో క్లింగ్ ఫిల్మ్ పరిచి ముద్దను వేయండి. పైన ఇంకో క్లింగ్ ఫిల్మ్ ఒంటికి అంటేలా కప్పి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. ఈ జెల్ నిదానంగా పారే గుణం ఉన్నది కాబట్టి దానంతట అదే సమంగా పరుచుకుంటుంది, బుడగలూ చాలావరకు పైకి వచ్చేస్తాయి. మందం సుమారు 3 మి.మీ. వస్తుంది. పొద్దున 5 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, ఒకదానికొకటి తగలకుండా డబ్బాలో పెట్టుకోండి. తగిలితే అతుక్కుపోతాయి, మరి దాని గుణమే అది.

ఆకారం నిలవాల్సిన పని ఉంటే చైనా గ్రాస్ కలిపే పద్ధతి ఉంది. అర గ్రాము చైనా గ్రాస్‌ను 15 మి.లీ. నీళ్లలో మరిగించి పూర్తిగా కరిగించి, 85 డిగ్రీల పీవీఏలో కలిపి, తర్వాత వెచ్చటి వెలిగారం ద్రావణం పోసి వెంటనే డబ్బాలో పరవాలి. పట్టీ నిలబడుతుంది, జారదు. అయితే ఒకటి వదులుకోవాలి: చైనా గ్రాస్ వల తెగితే మామూలు వేడిలో మళ్లీ అతకదు, కాబట్టి మొత్తం మీద అతుకు బలం తగ్గుతుంది. అతుక్కోవడం చూపించాలంటే మొదటి రకం, ఆకారం ముఖ్యమైతే రెండోది.

7. ఎలక్ట్రోడ్లు

రాగి తీగను నేరుగా జెల్‌లో గుచ్చడం మామూలుగా చేసే తప్పు. ఉప్పు, కరెంటు కలిస్తే రాగి తినేయబడుతుంది, జెల్ ఆకుపచ్చగా మారుతుంది, రీడింగ్ గంటగంటకూ మారుతుంది. స్టీల్ టీ జాలిని 1 సెం.మీ. చదరపు ముక్కలుగా కత్తిరించండి. పట్టీ రెండు చివర్లలో జాలి ముక్కను పెట్టి, పైన చిన్న జెల్ ముక్క అద్ది నొక్కితే కాసేపటికి జెల్ ఆ రంధ్రాల్లోంచి దూరి రెండు వైపులా ఒకటైపోతుంది. లాగినా జారదు. నున్నటి రేకుకు ఈ పట్టు ఉండదు, రేకు జారిన ప్రతిసారీ రీడింగ్ ఎగిరిపడుతుంది. జాలి బయటికి మిగిలిన అంచుకు మొసలి క్లిప్పు పెట్టండి, క్లిప్పు మాత్రం జెల్‌కు తగలకూడదు. రెండు జాలుల మధ్య జెల్ సుమారు 4 సెం.మీ. మిగులుతుంది, ఆ దూరాన్ని స్కేలుతో కొలిచి రాసుకోండి. జాలి దొరకకపోతే లావు పెన్సిల్ లెడ్ వాడొచ్చు, కానీ లాగేటప్పుడు విరుగుతుంది.

8. నిరోధం కొలవడం

మల్టీమీటర్ ఓమ్ మోడ్‌లో పంపేది ఒకే దిశలో పోయే కరెంటు. అయాన్లు వెళ్లి ఎలక్ట్రోడ్ దగ్గర పేరుకుంటాయి, రీడింగ్ పాకుతూ పోతుంది. మీటర్ చెడిపోలేదు, జెల్ చెడిపోలేదు, పద్ధతే దీనికి పనికిరాదు. దిశ మారుస్తూ కొలవాలి.

ఆర్డుయినోతో ఇలా చేయండి. జెల్ ఒక చివర 8వ పిన్నుకు కలపండి. రెండో చివర ఏ0 పిన్నుకు కలపండి. అదే రెండో చివర నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టరు ద్వారా 9వ పిన్నుకు వెళ్లండి. ప్రోగ్రాములో 8ని హై, 9ని లో చేసి, 200 మైక్రోసెకన్లు ఆగి ఏ0 చదవండి. వెంటనే 8ని లో, 9ని హై చేసి, అంతే సమయం ఆగి మళ్లీ చదవండి. తర్వాత రెండూ లో చేసి కాస్త విరామం ఇవ్వండి. ఇలా 50 సార్లు చేసి సగటు తీసుకోండి. ఏ0 చూపించే గరిష్ఠ అంకె 1023. మొదటి రీడింగ్‌తో లెక్క ఇది:

జెల్ నిరోధం = 1000 × (1023 − రీడింగ్) ÷ రీడింగ్, ఓమ్‌లలో.

సరిగా కొలుస్తున్నారా అనేదానికి ఇందులోనే ఒక సాక్ష్యం ఉంది. రెండు దిశల రీడింగులూ కూడితే 1023కు దగ్గరగా రావాలి. చాలా తేడా ఉంటే ఎలక్ట్రోడ్ దగ్గర పేరుకుపోవడం ఉంది, లేదా క్లిప్పు వదులుగా ఉంది. అది సరిచేయకుండా ముందుకు పోవద్దు.

ఈ కొలతల పట్టీకి కొన్ని వందల ఓమ్‌ల నుంచి రెండు మూడు కిలో ఓమ్‌ల మధ్య రావాలి. పదుల కిలో ఓమ్‌లు వస్తే పట్టీ ఎండిపోయింది, లేదా జాలికి జెల్ పట్టలేదు.

ఇప్పుడు సాగదీయండి. పట్టీ పొడవు పెరిగితే మందం, వెడల్పు తగ్గుతాయి, ఘనపరిమాణం మారదు. కాబట్టి నిరోధం పొడవు వర్గంతో పెరగాలి. 4 సెం.మీ.ను 5 చేస్తే సుమారు 1.56 రెట్లు, 6 చేస్తే 2.25 రెట్లు, 8 చేస్తే 4 రెట్లు. మీ గ్రాఫు దీనికి దగ్గరగా ఉంటే కొలతను నమ్మొచ్చు. బాగా ఎక్కువ వస్తుంటే పట్టీ ఒకచోట మాత్రమే సన్నబడుతోందేమో, జాలి దగ్గర ఊడుతోందేమో దగ్గరగా చూడండి.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. ఉప్పు నీటి నిరోధం డిగ్రీకి దాదాపు 2 శాతం తగ్గుతుంది. ఏసీ ల్యాబులో 25 డిగ్రీల దగ్గర తీసిన అంకెనూ, మే నెలలో వరండాలో 38 డిగ్రీల దగ్గర తీసిన అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పాతిక శాతం దాకా తేడా ఒక్క వేడి వల్లే వస్తుంది. ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాయండి.

9. కోసి, అతికించి, తేల్చుకోవడం

ప్రాజెక్టుల్లో ఎక్కువమంది చేసేది: 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓమ్ రెసిస్టరు, మధ్యలో జెల్. కోస్తే దీపం ఆరుతుంది, ఆనిస్తే వెలుగుతుంది. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. చూపించండి, బాగుంటుంది. కానీ 10 సెకన్లకు మించి వెలిగించకండి. ఉప్పుతో కరెంటు ఒకే దిశలో పోతే ఎలక్ట్రోడ్ల దగ్గర బుడగలు వస్తాయి, పాజిటివ్ వైపు క్లోరిన్ కూడా పుడుతుంది, స్టీల్ తుప్పు పట్టి జెల్ గోధుమ రంగుకు మారుతుంది. కిటికీ తెరిచి ఉంచండి.

అయితే దీపం వెలిగితే జెల్ అతికినట్టు కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. నమ్మకం కుదరకపోతే ఉప్పు నీళ్లలో తడిపిన రెండు టిష్యూ పేపర్లు ఒకదాని మీద ఒకటి ఆనించి చూడండి, దీపం అప్పుడూ వెలుగుతుంది. తడి తడి తాకితే చాలు, కరెంటు పోతుంది. రంగు వేసిన ముక్కనూ వేయని ముక్కనూ ఆనించి, రంగు పాకిందని ఫొటో పెట్టడం కూడా అంతే. రంగు పాకడానికి అతుకు అక్కర్లేదు. కాబట్టి కరెంటుతో పాటు బలమూ కొలవాలి.

పద్ధతి ఇది. ఒకే బ్యాచ్ నుంచి ఒకే కొలతల పట్టీలు కనీసం ఆరు తీసుకోండి. మూడింటిని కోయకుండా ఉంచండి. మూడింటిని కొత్త బ్లేడుతో నిలువుగా ఒక్క వేటున కోసి, నిమిషం లోపే కోసిన ముఖాలను ఎదురెదురుగా చేర్చి వేలితో మెల్లగా ఆనించండి. గట్టిగా నొక్కితే అక్కడ లావెక్కి బలం ఎక్కువగా కనిపిస్తుంది, అది మోసం. ఆరింటినీ ఒకే క్లింగ్ ఫిల్మ్ కింద అరగంట ఉంచండి. కోయనివాటినీ అంతే సేపు ఉంచాలి, లేకపోతే పోలిక చెల్లదు.

తర్వాత ఒక్కో పట్టీని పై జాలితో వేలాడదీసి, కింది జాలికి తేలికైన ప్లాస్టిక్ కప్పు కట్టండి. సిరంజితో ఒకే వేగంతో కప్పులోకి నీళ్లు వదలండి. తెగిన క్షణాన ఆపి, కప్పును నీళ్లతో సహా తూచండి. నీళ్ల వేగం అన్నింటికీ ఒకటే ఉండాలి, ఎందుకంటే ఈ జెల్ నిదానంగా లాగితే ఒకలా, వేగంగా లాగితే ఇంకోలా ప్రవర్తిస్తుంది. అతికినవాటి సగటు బరువును కోయనివాటి సగటుతో భాగించి 100తో గుణిస్తే అతుకు శాతం వస్తుంది. దానితో పాటు ఎక్కడ తెగిందో కూడా రాయండి. పాత కోత దగ్గర కాకుండా వేరేచోట తెగితే అతుకు బాగా పడిందని గట్టిగా చెప్పొచ్చు.

నిరోధం కూడా కోయకముందు, అతికిన 5, 15, 30 నిమిషాలకు కొలవండి. ముందటి విలువకు తిరిగి దగ్గరగా రావాలి. ఎక్కువగా ఉండిపోతే కోసిన ముఖాలు వంకరగా ఆని మధ్యలో గాలి చిక్కింది.

కోసిన ముక్కలు గంటసేపు బయట వదిలేసి తర్వాత అతికిస్తే పట్టడం లేదని కొందరంటారు. ముఖం మీద తడి ఆరి పొర కట్టి ఉంటుంది. ఆ చివర సన్నటి పొర కోసేసి, తాజా ముఖాలను చేర్చండి.

ఎండ, వాన, నిల్వ

మన ఎండలకు మూత లేని పట్టీ నిలవదు. తయారైన ప్రతి పట్టీని తూచి, రెండు గంటలకోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గిందంటే నీరు పోయింది, నిరోధం పెరిగిందా అని వేరే అనుమానం అక్కర్లేదు. మూత గట్టి డబ్బాలో, తడి గుడ్డ ముక్క పక్కన పెట్టి (జెల్‌కు తగలకుండా) దాచుకోండి. కొలిచేటప్పుడు కూడా జాలి అంచులు తప్ప మిగతాదంతా క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఉంచండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి, ఏసీ గాలి కూడా పొడిదే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో సంగతి తిరగబడుతుంది. గ్లిజరిన్ గాలిలో తేమను లాక్కుంటుంది, జెల్ మెత్తబడి అంటుకుంటుంది. వేసవిలో కుదిరిన పాళ్లు వానాకాలంలో కాస్త మార్చుకోవాల్సి రావచ్చు. గ్లిజరిన్ 2 మి.లీ.కి తగ్గించి చూడండి.

వేలు వంపు చూపించే సెన్సర్ కావాలంటే

ఉత్త జెల్ పట్టీ సాగాక వెనక్కి రాదు, సాగినచోటే ఉండిపోతుంది. కాబట్టి దాన్ని వేలికి కడితే రెండు వంపులకే గ్రాఫు పక్కకు జరిగిపోతుంది. 2 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న మెత్తటి సిలికాన్ ట్యూబు 6 సెం.మీ. తీసుకుని, వెచ్చగా ఉన్న జెల్‌ను సిరంజితో అందులోకి ఎక్కించండి. రెండు చివర్లలో చిన్న స్టీల్ స్క్రూలు బిగించండి. వెనక్కి లాగే పని ట్యూబు చేస్తుంది, కరెంటు పని జెల్ చేస్తుంది. నిరోధం పది కిలో ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి 1 కిలో ఓమ్ బదులు 10 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టి, లెక్కలో 1000 స్థానంలో 10,000 వాడండి. గ్లవ్ మీద కుట్టుకోవచ్చు. చర్మం మీద నేరుగా జెల్ వద్దు. ట్యూబులో గాలి బుడగ ఒక్కటి ఉన్నా రీడింగ్ గెంతుతుంది, వెలుతురుకు పట్టి చూసి బుడగ ఉంటే మళ్లీ ఎక్కించండి. సిలికాన్ నీటి ఆవిరిని బయటికి పోనిస్తుంది, కాబట్టి ఇది కూడా కొన్నాళ్లకు ఎండుతుంది, వాడనప్పుడు డబ్బాలోనే ఉంచాలి.

ట్యూబు సెన్సర్‌ను కోసి చూపించకండి. లోపలి జెల్ అతుక్కున్నా ట్యూబు అతకదు. ఇక్కడ సాగడం, విడి పట్టీతో అతుక్కోవడం, రెండూ వేర్వేరుగా చూపించి, రిపోర్టులో కూడా వేర్వేరుగానే రాయండి. మీ సెన్సర్ తెగితే అతుక్కుంటుందా అని వైవాలో అడిగితే జవాబు దానిలోనే ఉంటుంది.

మిగిలిన జెల్‌ను పూలకుండీల్లో వేయకండి, బోరాన్ ఎక్కువైతే మొక్కలు దెబ్బతింటాయి. తులసి కోట దగ్గర అసలే వద్దు. సింకులో ముద్దగా వేస్తే పైపు పట్టేస్తుంది. కవర్లో కట్టి పొడి చెత్తలో వేయండి. గిన్నెలకు అంటుకున్నదాన్ని కొంచెం వెనిగర్ పోసి కరిగించి, ఎక్కువ నీళ్లతో కడిగేయండి.